ఒకే పాటకు తల ఊపినవారందరూ ఒకే సమాజం అవుతారా?

కొర్లగుంట విద్యార్థి (తిరుపతి)

అందరికీ నమస్కారం. నేను తత్వశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. సౌందర్యశాస్త్రం పాఠంలో భాగంగా జర్మన్ తత్వవేత్త కాంట్ 1790లో ప్రచురించిన మూడవ విమర్శ గ్రంథాన్ని, అంటే తీర్పుశక్తిని గురించిన గ్రంథాన్ని చదువుతుండగా ఒక సందేహం కలిగింది. రాజకీయ తత్వశాస్త్రం వైపు నుంచి చూసినకొద్దీ అది మరింత చిక్కుపడుతోంది కాబట్టి ఇక్కడ పెద్దల ముందు ఉంచుతున్నాను.

నాకు అర్థమైనంతలో కాంట్ రుచికీ అందానికీ మధ్య గీత గీస్తాడు. కానరీ ద్వీపాల ద్రాక్షసారాయం బాగుంటుందని ఒకడు అన్నప్పుడు, 'నీకు బాగుంటుంది అను' అని పక్కవాడు సరిదిద్దితే అతడు అభ్యంతరపెట్టడు. మన వైపు రాగి సంగటి విషయంలోనూ ఇంతే. నచ్చనివాడితో ఎవరూ వాదానికి దిగరు. కానీ ఒక పద్యాన్నో ఒక మండపాన్నో చూపి 'ఇది అందంగా ఉంది' అన్నవాడు తన ఒక్కడి సంగతి చెప్పడం లేదు, మిగిలినవారు కూడా ఒప్పుకోవాలని కోరుతున్నాడు. ఒప్పించడానికి అతని చేతిలో నియమం లేదు, రుజువు లేదు, అయినా కోరుతున్నాడు. ఆ కోరికకు అర్థం ఉండాలంటే మనుషులందరికీ ఉమ్మడిగా ఒక స్పందన ఉందని ముందుగా అనుకోక తప్పదంటాడు కాంట్.

నా సందేహం ఇది. ఆ ఉమ్మడితనం ముందే ఉన్నదా, లేక మనం కోరడం వల్ల ఏర్పడేదా? ముందే ఉన్నదైతే అది ఎవరి ఉమ్మడితనం? ఏర్పడేదైతే అందులో చేరనివారి మాటేమిటి?

ఈ ప్రశ్న పుస్తకంలోనే ఉండిపోయేది కానీ, మా స్నేహితుల మధ్య భారతం గురించి జరిగిన వాదన వల్ల బయటికి వచ్చింది. మన చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ల దగ్గర సాధారణంగా 18 రోజులపాటు పగలు హరికథ, రాత్రి వీధి నాటకం జరగడం, అర్జున వేషధారి తపసు మాను ఎక్కడం, చివరి రోజున మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ విగ్రహం దగ్గర వధ జరిగి సాయంత్రం అగ్నిగుండం తొక్కడం మీకందరికీ తెలిసినవే. ఇన్ని వేలమంది ఒకే కథకు ఒకే రకంగా స్పందించడమే సమాజమంటే, దీనికి మించిన నిర్వచనం అక్కరలేదని ఒక మిత్రుడు అంటాడు. ఇంకొకరు మాత్రం జర్మన్ ఆలోచనాపరుడు వాల్టర్ బెంజమిన్‌ను ఎత్తుకుని, జనాన్ని ఒకే ఉద్వేగంలో ముంచడం ఫాసిజం చేసిన పనేనని, రాజకీయాన్ని సౌందర్యమయం చేసినవాళ్లు చివరికి యుద్ధాన్ని కూడా అందంగా చూపారని, 1930లలో ఆయన హెచ్చరించింది దీని గురించేనని అంటున్నారు. మన ఊరి భారతాన్నీ న్యూరెంబర్గ్‌లో నాజీలు జరిపిన సభలనూ ఒకే గాటన కట్టడం నాకు రుచించలేదు. అయితే తేడా ఎక్కడుందో స్పష్టంగా చెప్పలేకపోతున్నాను. సెమినార్ పత్రం కూడా రాయవలసి ఉంది కాబట్టి దయచేసి కొంచెం వివరంగా చెప్పగలరు.

పలమనేరు పంతులు

మీరు అడిగిన ప్రశ్నను కాంట్ తనను తాను అడుగుకున్నాడు. మూడవ విమర్శలో 22వ విభాగం చివర చూడండి. ఈ ఉమ్మడి స్పందన మన అనుభవానికి మూలంలో నిజంగా ఉన్నదా, లేక దాన్ని మనలో కలిగించుకోవాలని బుద్ధి మనకు పెట్టే ఆదేశం మాత్రమేనా అని అడిగి, దాన్ని ఇప్పుడు తేల్చడం లేదని వదిలేస్తాడు. చాలామంది వ్యాఖ్యాతలు దీన్ని లోపంగా చూశారు. నా దృష్టిలో గ్రంథం మొత్తంలో ఇంతకన్నా నిజాయితీ గల చోటు లేదు, ఎందుకంటే అక్కడ తేల్చివేస్తే రెండు వైపులా ప్రమాదమే. ఉమ్మడితనం ముందే ఉందని తేలిస్తే ఒప్పుకోనివాడు మనిషే కాదనవలసి వస్తుంది. అది ఉత్త కల్పన అని తేలిస్తే అందం గురించిన మాటంతా సంగటి గురించిన మాటే అవుతుంది.

40వ విభాగాన్ని రాజకీయ తత్వవేత్త హన్నా ఆరెంట్ పట్టుకున్నది ఇందుకే. స్వయంగా ఆలోచించు, ఇతరుల స్థానం నుంచి ఆలోచించు, నీ ఆలోచనకు నువ్వే విరుద్ధం కాకుండా ఆలోచించు అని కాంట్ అక్కడ మూడు సూత్రాలు చెబుతాడు. రెండవ సూత్రం రాజకీయానికి ప్రాణమని ఆరెంట్ భావించారు. న్యూయార్క్‌లో 1970లో ఆమె చేసిన ఉపన్యాసాల సారాంశం ఏమిటంటే, కాంట్ విడిగా రాయని రాజకీయ తత్వశాస్త్రం ఈ సౌందర్య గ్రంథంలోనే ఉంది. తీర్పు గురించి ఆమె రాయదలచిన చివరి గ్రంథభాగం 1975లో ఆమె మరణంతో మొదలు కాకుండానే ఆగిపోయింది, ఉపన్యాసాలు మాత్రం 1982లో పుస్తకంగా వచ్చాయి.

ఆమె చూపిన ఒక ఉదాహరణ మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది. ఫ్రెంచి విప్లవం గురించి 1798లో రాస్తూ కాంట్, ఆ విప్లవం గెలిచినా ఓడినా, అందులో ఎన్ని ఘోరాలు జరిగినా, దూరం నుంచి చూస్తున్నవారిలో పుట్టిన ఉత్సాహం మానవజాతి నైతిక స్వభావానికి గుర్తు అన్నాడు. ప్రష్యాలో కూర్చుని అటువంటి ఉత్సాహం చూపడం ప్రమాదమని ఆయనకు తెలుసు, తిరుగుబాటు చేసే హక్కు ప్రజలకు లేదని రాసినవాడూ ఆయనే. ఈ వైరుధ్యం సంగతి ఇంకోసారి మాట్లాడుకోవచ్చు. ఇక్కడ మనకు కావలసింది, సమాజం గురించిన తీర్పును పాత్రధారుల చేతిలో పెట్టకుండా ప్రేక్షకుల చేతిలో పెట్టిన పద్ధతి. ప్రేక్షకుడు ఒంటరిగా ఉండడు. పక్కవాడితో మాట్లాడతాడు, విభేదిస్తాడు, బతిమాలుతాడు.

కాబట్టి మీ మిత్రుల వాదనకు నా సమాధానం ఇది. భారతంలో అందరూ ఒకేసారి కంటతడి పెట్టిన క్షణంలో సమాజం కనిపిస్తుందని నేను అనుకోను. మర్నాడు టీ అంగడి దగ్గర 'కర్ణ వేషం కట్టినవాడు పద్యం సాగదీశాడు' అని ఒకడు, 'అంత సాగదీస్తేనే ఆ బాధ తెలుస్తుంది' అని మరొకడు గంటసేపు వాదించుకుంటారే, అక్కడ కనిపిస్తుంది. ఇద్దరికీ రుజువు లేదు, ఇద్దరూ వదలరు. న్యూరెంబర్గ్‌లో మర్నాడు ఆ వాదనకు చోటు లేదు. బెంజమిన్ హెచ్చరికను నేను ఇలా అర్థం చేసుకుంటాను: ఉద్వేగం ఉమ్మడిగా ఉండడంలో తప్పు లేదు, దాని గురించి మాట్లాడే హక్కును ఉమ్మడిగా ఉంచకపోవడంలో ఉంది.

స్వర్ణముఖి (శ్రీకాళహస్తి)

పంతులు గారు టీ అంగడి దాకా తీసుకువచ్చారు కానీ ఆ అంగడిలో ఎవరు కూర్చోగలిగారు, ఎవరికి గ్లాసు విడిగా పెట్టారు అన్న సంగతి దాటేశారు. ఆరెంట్‌లో ఉన్న చిక్కు కూడా ఇదే. ఇతరుల స్థానం నుంచి నేను ఆలోచిస్తాను సరే, ఆ ఇతరులను అడిగి ఆలోచిస్తున్నానా, లేక వారి తరఫున నేనే ఊహించుకుంటున్నానా?

ఈ ప్రశ్నకు మన దగ్గర చాలా పాత కథ ఒకటి ఉంది. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో దేవతలు బ్రహ్మ దగ్గరికి వెళ్లి, చూడడానికీ వినడానికీ వీలైన ఆటవస్తువు ఒకటి కావాలని అడుగుతారు. వేదం వినే అధికారం శూద్రులకు లేదు కాబట్టి అన్ని వర్ణాలకూ చెందే ఐదవ వేదం ఒకటి సృష్టించమంటారు. ఇంతవరకు అలంకారశాస్త్రం పాఠాల్లో అందరూ చెబుతారు, ఎంత ఉదారమైన ఆలోచనో అని మెచ్చుకుంటారు. తరువాత జరిగింది చాలామంది తొందరగా దాటేస్తారు. మొదటి ప్రదర్శనకు ఎంచుకున్న ఇతివృత్తం దేవతలు దైత్యులను ఓడించడం. ప్రేక్షకుల్లో దైత్యులు కూడా ఉన్నారు. తమ ఓటమిని తమ ఎదుటే ఆడుతుంటే వాళ్లు సహించలేక విరూపాక్షుడి నాయకత్వంలో విఘ్నాలను వెంటబెట్టుకుని, నటుల మాటనూ కదలికనూ జ్ఞాపకాన్నీ స్తంభింపజేస్తారు. ఇంద్రుడు తన ధ్వజంతో వాళ్లను చితక్కొడతాడు. ఆ కర్రకే జర్జరం అని పేరు వచ్చింది, ఆ తరువాత రంగస్థలం మీద దానికి పూజ కూడా మొదలైంది. అంటే అందరిదీ అని ప్రకటించిన కళ మొదటి ఆటలోనే ప్రేక్షకుల్లో ఒక వర్గాన్ని కర్రతో బయటికి తోసింది.

ఆ తరువాత బ్రహ్మ వాళ్లను పిలిపించి, ఎందుకు చెడగొడుతున్నారని అడిగి, నాట్యం మీ ఒక్కరిదో దేవతల ఒక్కరిదో కాదని, మూడు లోకాల భావాలనూ అనుకరించేదని సమాధానపరుస్తాడు. ఈ సమాధానాన్ని నేను ఒకప్పుడు గొప్ప సయోధ్యగా చదివేదాన్ని. ఇప్పుడు మాత్రం, ఇతివృత్తం మార్చినట్టు అక్కడ ఎక్కడా లేదన్న సంగతి మీదికే నా దృష్టి పోతుంది.

కాంట్ అన్నదానికి దగ్గరగా మన ఆలంకారికుల్లో భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం ఉంది. రంగస్థలం మీది శోకం నాది, శత్రువుది, ఎవరిదో అన్న గుర్తులన్నీ కోల్పోయి అందరికీ ఆస్వాదయోగ్యం అవుతుందన్నది దాని సారం. సుమారు వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు దాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయి, ప్రేక్షకులందరి అనుభవం ఒకే ముద్దగా గట్టిపడినప్పుడు రసం పుష్టి పొందుతుందన్నాడు. అయితే రెండింటినీ ఒకటే అనేయకండి. కాంట్ తీర్పు గురించి మాట్లాడుతున్నాడు, వీళ్లు ఆస్వాదం గురించి. తీర్పులో వివాదానికి చోటుంటుంది. రసంలో మునిగినవాడికి వివాదం ఒక విఘ్నమే. అభినవగుప్తుడు రసవిఘ్నాల జాబితానే ఇచ్చాడు. దైత్యుల బాధ చూడండి, తమ ఓటమి వాళ్లకు సాధారణీకరణం కాలేదు. అది వాళ్ల లోపమా, ఆట లోపమా?

సహృదయుడు ఎవరన్నదానికి అభినవగుప్తుడు ఇచ్చిన నిర్వచనంలో కావ్యాన్ని పదేపదే చదివి సాధన చేయడం వల్ల మనసు అద్దంలా తేటపడినవాడు అని ఉంటుంది. మంచి నిర్వచనమే. కానీ ఆ సాధనకు బడి కావాలి, తీరిక కావాలి, పుస్తకం ముట్టనిచ్చే ఊరు కావాలి. జాషువా 1941లో గబ్బిలం రాసినప్పుడు సందేశకావ్యమన్న పాత రూపాన్నే తీసుకున్నాడు. మేఘానికి బదులు గబ్బిలాన్ని ఎందుకు పంపాడంటే, గుడిలోకి ఆ కథానాయకుడు పోలేడు, గబ్బిలం పోగలదు. కాళిదాసును చదివి మనసు తేటపరచుకున్న సహృదయులే ఆ పద్యాలను మెచ్చుకోవలసి వచ్చింది, మెచ్చుకుంటూనే ఆ గుడి తలుపు ఎవరు మూశారో చూడవలసి వచ్చింది. కోరడం వల్ల ఉమ్మడితనం ఏర్పడుతుందా అని అడిగారు కదా, ఏర్పడే తీరు ఒకటి ఇది. బయట నిలబెట్టినవాడు లోపలివాళ్ల భాషలోనే వాళ్లకన్నా బాగా మాట్లాడి ఒప్పుకోలు కోరతాడు.

కొర్లగుంట విద్యార్థి (తిరుపతి)

పంతులు గారికీ స్వర్ణముఖి గారికీ కృతజ్ఞతలు. ఇద్దరి సమాధానాల్లోనూ ప్రేక్షకుడు ఉన్నాడు. ఒకచోట తీర్పు చెప్పేవాడుగా, మరొకచోట తోసివేయబడినవాడుగా. ప్రేక్షకుడే లేని కళ సంగతి ఏమిటి? మా తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఎవరు ఆడుతున్నారు, ఎవరు చూస్తున్నారు అన్న విభజన నాకు కనిపించదు. దాన్ని ఈ చర్చలో ఎక్కడ పెట్టాలి?

పాత తిరుపతి వాసి

దానికి తగిన మనిషి జెనీవాకు చెందిన తత్వవేత్త రూసో. జెనీవాలో నాటకశాల కావాలా వద్దా అన్న వివాదంలో 1758లో ఫ్రెంచి పండితుడు దలంబేర్‌కు రాసిన లేఖలో ఆయన, చీకటి గదిలో కొద్దిమంది కదలకుండా కూర్చుని చూసే నాటకాలు మన జెనీవాకు వద్దు, ఊరి మధ్య పూలు చుట్టిన గుంజ ఒకటి పాతి జనాన్ని పోగుచేయండి, చూసేవాళ్లనే ఆటగా మార్చండి, ప్రతివాడూ ఇతరులలో తనను చూసుకుని ప్రేమించుకునేలా చేయండి, అదే పండుగ అన్నాడు. మన జాతర వీధుల్లో తిరిగినవారెవరికైనా ఇది చదివితే తెలిసిన సంగతిలాగే ఉంటుంది. అవిలాల నుంచి పసుపు కుంకుమ వచ్చి చాటింపు అయిన తరువాత నామంకొమ్ము పూసుకుని బైరాగులు, కుంకుమ పూసుకుని బండలు, బొగ్గు పూసుకుని తోటులు, గంధం పూసుకుని దొరలు ఊరంతా తిరుగుతారు. మాతంగి వేషం నాటికి మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుంటారు. కథ ప్రకారం ఆడవాళ్లను చెరుస్తున్న పాలెగాడిని వెతుకుతూ గంగమ్మ కట్టిన వేషాలివి. దొర వేషం నాడు వాడి తల తెగుతుంది.

అయితే రూసో ఆశ సగమే నిజమని చెప్పడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది ఫ్రాన్సులోనే జరిగింది. 1794 జూన్ 8న పారిస్‌లో చిత్రకారుడు దవీద్ రూపకల్పన చేసిన పరమాత్మ ఉత్సవం రూసో కలకు ప్రభుత్వం తయారుచేసిన ప్రతి. ఎవరు ఏ పూలు పట్టుకోవాలి, ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు పాడాలి అన్నీ ముందే నిర్ణయమయ్యాయి. ఊరేగింపు ముందు నడిచిన విప్లవ నాయకుడు రోబెస్పియర్ రెండు నెలలు తిరగకముందే గిలటిన్ ఎక్కాడు. ప్రేక్షకుడు లేని పండుగలో విమర్శకుడు కూడా లేకుండా పోవచ్చు. ఈ విషయంలో నేను పలమనేరు పంతులు గారి వైపే.

రెండవది మన జాతరలోనే ఉంది. వేషాలన్నీ ఊరందరివీ అయినా, అమ్మవారి వేషం కట్టి ఇల్లిల్లూ తిరిగే హక్కు వంశపారంపర్యంగా కైకాల కుటుంబానిది. వేషాల వరసలో తోటి వచ్చిన మరునాడు దొర వస్తాడు. ఊరి వెట్టి చేసిన తోటి రూపం, ఊరిని ఏలిన దొర రూపం రెండూ ఒకే అమ్మవారివి. బొగ్గు పూసుకున్న కుర్రవాడు ఆ రోజుకు తోటి అవుతాడు. అంతమాత్రాన నిజంగా తోటి పని చేసినవారి మాటకు ఊరి పంచాయతీలో విలువ పెరిగిందా? పెరిగిందని నేను చెప్పలేను. వారం రోజుల తలకిందులు ఏడాది పొడవునా ఉన్న క్రమాన్ని నిలబెట్టడానికేనని కొందరు మానవశాస్త్రవేత్తలు అంటారు. ఆ సూత్రం కూడా మరీ సులభంగా చెప్పేస్తారనిపిస్తుంది నాకు. చీర కట్టిన మగవాడు ఆ ఒక్కరోజు వీధిలో నడిచేటప్పుడు తన మీద పడే చూపుల్ని భరించడం నేర్చుకుంటాడు. అది ఎంతకాలం నిలుస్తుందో కొలిచే సాధనం మాత్రం మానవశాస్త్రానికీ లేదు, నాకూ లేదు.

ఇక్కడ ఫ్రెంచి తత్వవేత్త జాక్ రాన్సియేర్ పనికొస్తాడు. సౌందర్యమంటే ఆయనకు ముందుగా కళ కాదు. ఒక సమాజంలో ఎవరు కనిపిస్తారు, ఎవరి గొంతు మాటగా వినిపిస్తుంది, ఎవరి గొంతు మోతగా మాత్రమే వినిపిస్తుంది, ఎవరికి దేనికి సమయం ఉంటుంది అన్న పంపకం. ఈ పంపకం ఉన్నచోటల్లా రాజకీయం ఉన్నట్టు కాదు. లెక్కలోకి రానివారు లెక్కలోకి రావాలని ఆ పంపకాన్ని కదిపినప్పుడే రాజకీయమంటాడు. 1981 నాటి ఆయన పరిశోధన 1830ల ఫ్రెంచి కార్మికుల గురించి. పగలంతా పని చేసి, నిద్రపోవలసిన రాత్రుల్లో కవిత్వం రాసుకున్నవారు వాళ్లు. వారిలో ఒక వడ్రంగి, పరాయివాడి ఇంట్లో నేల చెక్కలు బిగిస్తూ, కిటికీ లోంచి దృశ్యాన్ని ఆ ఇంటి యజమాని కన్నా బాగా ఆస్వాదిస్తున్నానని రాశాడు. కాంట్ చెప్పిన స్వప్రయోజనం లేని చూపు ఉన్నవాళ్ల విలాసమని, వర్గభేదాన్ని దాచే ముసుగు అని 1979లో సమాజశాస్త్రవేత్త బూర్దియే చేసిన వాదనకు రాన్సియేర్ ఇచ్చిన జవాబు ఈ వడ్రంగి. చేయి యజమాని కోసం పనిచేస్తున్నప్పుడు కన్ను తనకోసం చూసింది. పని చేసేవాడికి చూసే తీరిక లేదన్న పంపకం అక్కడ తప్పింది. స్వర్ణముఖి గారు గబ్బిలం గురించి చెప్పిందీ ఇదే జాతి ఉదాహరణ అని నా అభిప్రాయం.

కాబట్టి జాతరను మొత్తంగా రాజకీయం అనీ అనవద్దు, మొత్తంగా మత్తు అనీ అనవద్దు. అందులో ఎవరి చోటు ఎప్పుడు కదిలింది అన్నది విడివిడిగా చూడండి. దానికి పుస్తకాల కన్నా జాతరలో వేషం కట్టేవారితో మాట్లాడడం మేలు.

మదనపల్లె పాఠకుడు

ఆలస్యంగా చేరుతున్నాను. ఇంత దూరం వచ్చి మన దగ్గరే ఉన్న ఉదాహరణను ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యం. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో, బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలో కొన్ని రోజులు ఉన్నారు. జనగణమన అక్కడ పాడారు, ఆంగ్లంలోకి అనువదించారు, సంగీతం తెలిసిన ఐరిష్ మహిళ మార్గరెట్ కజిన్స్ దాని బాణీని స్వరపరచి కాగితం మీద పెట్టారు. ఆ పాట 1911 డిసెంబర్ 27న కలకత్తాలో మొదటిసారి పాడినది, 1950 జనవరి 24న జాతీయగీతమైనది. మదనపల్లెలో ఉన్నప్పుడు అది ఒక కవి రాసుకున్న పాట. అతిథిగా వచ్చి పాడితే విద్యార్థులు విని, నచ్చి, తామూ పాడుకున్నారు. విన్నవాళ్లకు బెంగాలీ తెలుసా అని ఎవరూ అడగలేదు. అర్థం కన్నా ముందు బాణీ చేరింది. నియమం లేకుండా ఒప్పుకోలు కోరడమంటే ఏమిటో కాంట్ చదవని పిల్లవాడికి చూపించాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అదే ఠాగూర్ 1917లో జాతీయవాదాన్ని తీవ్రంగా విమర్శించే ఉపన్యాసాలను పుస్తకంగా వేశారన్నది కూడా గుర్తుంచుకోండి. జాతి అన్నది యంత్రంలా మనుషుల్ని బిగిస్తుందని భయపడినవారి పాటే జాతికి గీతమైంది. దీన్ని వ్యంగ్యంగా చూపి నవ్వుకునేవారు ఉన్నారు. నాకు మాత్రం ఇందులో నవ్వవలసింది కనిపించదు.

ఇప్పుడు అసలు సంగతి. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు, యెహోవా సాక్షులనే మతశాఖకు చెందినవాళ్లు, బడిలో గీతం పాడేటప్పుడు అందరితోపాటు లేచి నిలబడ్డారు గానీ పాడలేదు. బడి నుంచి పంపేశారు. 1986లో సుప్రీంకోర్టు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి రాసిన తీర్పులో, మర్యాదగా నిలబడినవారిని పాడమని బలవంతపెట్టే చట్టమేదీ లేదని, మాట్లాడే స్వేచ్ఛలో మౌనంగా ఉండే స్వేచ్ఛ కూడా ఉందని చెప్పి వాళ్లను తిరిగి చేర్చుకోమంది. మన సంప్రదాయం, మన తత్వం, మన రాజ్యాంగం సహనాన్నే నేర్పుతాయని, దాన్ని పలుచన చేయవద్దని ఆ తీర్పు ముగుస్తుంది.

విద్యార్థి గారు మొదట అడిగిన 'చేరనివారి మాటేమిటి' అన్న ప్రశ్నకు నా జవాబు ఆ ముగ్గురు పిల్లలు. పాట ఒప్పుకోలును కోరుతుంది. కోరిక అన్నది కాదనే వీలు ఉన్నంతవరకే కోరిక. కాదనడానికి వీలు లేనప్పుడు అది ఆజ్ఞ, ఆజ్ఞకు లోబడి పాడినవాడు ఆ పాట అందం గురించి ఏ తీర్పూ చెప్పినట్టు కాదు. ఆ పిల్లలు పాడకుండా నిలబడడం వల్లనే మిగిలిన తరగతి పాడినది పాటగా మిగిలింది. ఫ్రెంచి తత్వవేత్త జాఁ-లుక్ నాన్సీ 1980లలో, ఉమ్మడితనాన్ని ఒక పనిగా పెట్టుకుని ఉత్పత్తి చేయాలని చూసిన ప్రతిచోటా అది మనుషుల్ని కరిగించి ముద్ద చేసిందని రాసినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఐరోపా చరిత్ర. అయినా ఆ మాట ఇక్కడా అతుకుతుంది. బెంజమిన్ ప్రస్తావనకు కూడా ఇదే నా గీటురాయి: భారతం చూడనివాడిని ఊరు ఏం చేస్తుంది?

పలమనేరు పంతులు

మదనపల్లె పాఠకుల వాదన చాలావరకు అంగీకారమే, ఒక్కచోట తప్ప. ఆ పిల్లలు నిలబడ్డారు కాబట్టి కోర్టు వాళ్లను కాపాడడం సులభమైంది. కూర్చున్నవాడి సంగతి? 2016 నవంబర్‌లో అదే కోర్టు సినిమాహాళ్లలో ప్రతి ప్రదర్శనకు ముందు గీతం వేయాలని, అందరూ లేచి నిలబడాలని ఉత్తర్వు ఇచ్చింది; 2018 జనవరిలో వేయడం తప్పనిసరి కాదని సవరించింది. ఆ మధ్యకాలంలో దేశంలో కొన్ని హాళ్లలో లేవనివారి మీద తోటి ప్రేక్షకులు చేయి చేసుకున్న వార్తలు మనం చదివాం. ఆ ఉత్తర్వుకు కొద్దికాలం ముందే చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని కూడా వదలలేదు. కాదనే వీలు పుస్తకంలో ఉంటే చాలదు, పక్క సీటులో ఉన్నవాడి కండబలం ముందు కూడా ఉండాలి. కాంట్ ప్రేక్షకుడిని మరీ మర్యాదస్తుడిగా ఊహించుకున్నాడన్న విమర్శ నా మీద కూడా వర్తిస్తుంది.

ప్లేటో ఈ భయాన్నే ఎదురుదిక్కు నుంచి చూశాడు. పూర్వం ఏథెన్స్ జనం కచేరీలో నిశ్శబ్దంగా కూర్చునేవారని, తరువాత కేకలతో చప్పట్లతో తామే తీర్పు చెప్పడం మొదలుపెట్టారని, ఆ ప్రేక్షకుల ఏలుబడి నుంచే రాజ్యంలో చట్టాన్ని లెక్కచేయకపోవడం పుట్టిందని 'చట్టాలు' అనే సంవాదం మూడవ భాగంలో వాపోతాడు. ఆయన పరిష్కారం మనకు పనికిరాదు, తెలిసినవారు చెబితే మిగిలినవారు వినాలనేది. ఆయన చూసిన ప్రమాదం మాత్రం కల్పితం కాదు.

స్వర్ణముఖి (శ్రీకాళహస్తి)

పంతులు గారు కండబలం అన్నారు కాబట్టి ఒక మాట చేర్చి ఆపుతాను. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయం అందరూ చదువుతారు, చివరి అధ్యాయం తెరవరు. అక్కడ భరతుడి కుమారులు విద్యామదంతో ఋషులను వెక్కిరించే ప్రహసనం ఆడతారు. ఋషులు కోపించి, మీరు బ్రాహ్మణ్యం కోల్పోయి శూద్రాచారులవుతారని, మీ వంశం కూడా అంతేనని శపిస్తారు. దేవతలు వెళ్లి వేడుకున్నా ఋషులు నాట్యం నశించకుండా చూస్తామన్నారే గానీ మిగిలిన శాపాన్ని వెనక్కు తీసుకోలేదు. దైత్యులు కాదన్నప్పుడు కర్ర, నటులు కాదన్నప్పుడు శాపం. మన దగ్గర వీధి నాటకం ఆడే కులాలను ఊరు చప్పట్లు కొట్టి మెచ్చుకుంటూనే ఎంత దూరంలో కూర్చోబెట్టిందో తెలిసినవారికి ఈ కథ ఎందుకు రాసిపెట్టారో వేరే చెప్పనక్కరలేదు.

విద్యార్థి గారూ, సెమినార్ పత్రానికి రాన్సియేర్‌తో మొదలుపెట్టకండి; ఆయన పదజాలం తలకెక్కితే చూసినదల్లా పంపకంగానే కనిపిస్తుంది. కాంట్ 20 నుంచి 22, తరువాత 40వ విభాగం చదివి, ఆ పక్కనే నాట్యశాస్త్రం మొదటి అధ్యాయాన్నీ చివరి అధ్యాయాన్నీ పెట్టుకోండి. పోణంగి శ్రీరామ అప్పారావు గారి తెలుగు నాట్యశాస్త్రము, 1960లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందినది, గ్రంథాలయంలో అడిగి చూడండి. ఆ తరువాత మదనపల్లె పాఠకులు అడిగిన ప్రశ్నను మీ ఊరి భారతం దగ్గరే అడగండి. అగ్నిగుండంలో ఎవరు ముందు దిగుతారు, మర్యాదలు ఎవరికి ఏ వరసలో జరుగుతాయి, చందా ఇచ్చి కూడా గుడి లోపలికి రాని ఇళ్లు ఏవైనా ఉన్నాయా అని రాసుకోండి. పత్రంలో సగం అక్కడే దొరుకుతుంది.